నడిమి కొంగ

కొల్లేరు గట్టున పుట్టి పెరిగినవాళ్ళు కొంగను చూసి ఆశ్చర్యపడరు. పెరట్లో కోడి ఎంతో, చేలో కొంగ అంతే. అందుకే గుడివాడ కాలేజీలో బీఎస్సీ జువాలజీ చదువుతున్న మా రెండో మావయ్య, సెలవులకి ఇంటికొచ్చినప్పుడల్లా మెళ్ళో దుర్భిణి తగిలించుకుని కొంగల్ని చూడ్డానికి దోనె మాట్లాడుకుంటుంటే ఊరంతా నవ్వేది. "పెళ్ళిచూపులకి రారా అంటే రాడు గానీ, కొంగచూపులకి మాత్రం కోడి కూయకముందే లేస్తాడు" అని అమ్మమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆ కొంగచూపులకి మావయ్య వెంట వెళ్ళే పెళ్ళిపెద్దను నేను.

అమ్మమ్మగారి ఊరు కైకలూరుకి ఉత్తరాన, సరస్సు అంచున. అప్పట్లో కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చిపోయాక కొద్ది ఏళ్ళపాటు నా దసరా సెలవులూ సంక్రాంతి సెలవులూ అక్కడే గడిచాయి. పక్షుల కోసమే అయితే అంతకంటే మంచి కాలం లేదు. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు ఎగువ నుంచి మోసుకొచ్చిన నీళ్ళన్నీ కొల్లేట్లో చేరేవి. సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి కాబట్టి, ఆ పోయేలోపు చేలగట్ల దాకా కమ్ముకునేవి. కార్తీకానికి నీరు తేరుకునేది. మాఘం దాటితే తగ్గుముఖం పట్టేది. వేసవిలో గేదెలు నిలబడి మేసే చోటే దసరాకి గెడ సగానికి పైగా మునిగేది.

దోనె నడిపే పెద్దాయనది లంక ఊరు. వలలు కట్టడం, మావులు పెట్టడం ఆయన వృత్తి. మావయ్య ఇచ్చే రూపాయిల కోసం కాదు, మావయ్యతో వాదన పెట్టుకోవడం సరదాగా ఉండి వచ్చేవాడని నా అనుమానం. ఆయన మావయ్యని "బాబుగారూ" అనేవాడు, నన్ను "పాపగారూ" అనేవాడు. మావయ్య చేతిలో కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చిన సలీం అలీ పుస్తకం, ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ ఉండేది. 1941లో మొదటిసారి అచ్చయి, తరవాత ఎన్నోసార్లు తిరిగి అచ్చయిన పుస్తకం. అందులో పక్షి ఎంతుంటుందో చెప్పడానికి పిచ్చుక, గోరింక, కాకి, గద్ద, నాటుకోడి, బాతు కొలమానాలు. అంతకంటే కాస్త పెద్దదైతే పక్కన కూడిక గుర్తు, చిన్నదైతే తీసివేత గుర్తు. మావయ్య ఇది వివరిస్తే పెద్దాయన గెడ ఆపి, "నాటుకోడంటే ఏ ఊరి కోడండీ? భీమారం పందెం పుంజా, మా లంక పెట్టా?" అని అడిగాడు. మావయ్య దగ్గర దానికి జవాబు లేదు.

పక్షుల్లో పెద్దాయనకి శత్రువులంటూ ఉంటే అవి నీటికాకులే. రాత్రి కట్టిన వలలో చిక్కుకున్న జెల్లల్నీ మట్టగిడసల్నీ తెల్లారేసరికి అవి లాక్కుపోయేవి, పోతూ పోతూ వల చించేవి. అందుకని ఆయనకి వాటి గురించి తెలియని విషయం లేదు. దూరాన గుంజ మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నల్లటి పిట్టను చూసి, మావయ్య దుర్భిణి సరిచేసుకునేలోపే అది మూడింట్లో ఏదో చెప్పేసేవాడు. చిన్నదానికి తల గుండ్రం, ముక్కు పొట్టి, మెడ కుదించుకుని కూర్చుంటుంది, లేస్తే గబగబా రెక్కలు కొడుతుంది. పెద్దది దాదాపు బాతంత ఉంటుంది. బరువుగా ఎగురుతుంది, గొంతు కింద తెలుపు, పసుపు కనబడతాయి, గూళ్ళు పెట్టే రోజుల్లో తొడ దగ్గర తెల్ల మచ్చ వస్తుంది. ఈ రెండూ ఎవరికైనా తెలుస్తాయి. చిక్కంతా నడిమిదానితో. అది చిన్నదానికంటే కొంచెం పెద్దది, కొంచెం సన్నం. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ ‘కొంచెం’ కొలవడానికి పక్కన ఏమీ ఉండదు. "ముక్కు చూడండి బాబూ. సన్నంగా, పొడుగ్గా, చివర కొక్కెం. వలలో వేలు పెట్టేది ఆ కొక్కేనండి" అనేవాడు. మావయ్య దుర్భిణిలో చూసి కళ్ళు నీలంపచ్చగా ఉన్నాయని తన వంతు చేర్చేవాడు. పుస్తకంలోనూ అదే ఉంది. ఇద్దరూ ఒప్పుకున్న అరుదైన సందర్భాల్లో అదొకటి.

నీటికాకి పిల్లలతో ఇంకో తంటా ఉంది. చిన్న నీటికాకి పిల్ల మట్టిరంగులో ఉండి గడ్డం కింద తెల్లగా కనిపిస్తుంది. గొంతు తెలుపు చూసి పెద్దది అనుకున్నామా, దెబ్బతిన్నట్టే. పాముమెడ పిట్ట మాత్రం వీటన్నిటికీ దూరం. అదీ నల్లగానే ఉంటుంది, అదీ రెక్కలు ఆరబెట్టుకుంటుంది, కానీ ఈదేటప్పుడు ఒళ్ళంతా నీళ్ళలో ముంచి మెడ ఒక్కటే పైకి పెడుతుంది. ముక్కుకి కొక్కెం ఉండదు, సూది మొన ఉంటుంది. నీటికాకి చేపను కరిచి పట్టుకుంటే ఇది పొడిచి పట్టుకుంటుంది. వలలో సగం తిని వదిలేసిన చేప కనబడితే పెద్దాయన గాటు చూసి దొంగ ఎవరో చెప్పేవాడు. చీరుకుపోతే నీటికాకి, పక్కలో పోటు ఉంటే పాముమెడ. ఇంత సూక్ష్మంగా చూసే మనిషి తెల్లకొంగల దగ్గరికి వచ్చేసరికి మొండికేసేవాడు.

"కొంగలు రెండేనండి. పెద్దది, చిన్నది. గేదెల వెంట తిరిగేది వేరే సంగతి, అది కొంగలో లెక్క కాదు."

"మధ్యది ఇంకోటి ఉంది పెద్దయ్యా. పుస్తకంలో ఉంది."

"పుస్తకంలో ఉంటే పుస్తకంలోనే చూడండి. నీళ్ళ మీద ఉన్నది పెద్దదాని పిల్ల."

ఈ వాదన సెలవులకొకసారి తప్పకుండా జరిగేది. నేను ఎటు చేరాలో తెలియక, ఎవరు మరమరాలు పెడితే వాళ్ళవైపు చేరేదాన్ని.

ఇందులో మావయ్యకి కష్టమైన భాగం ఒకటుంది. చిన్న తెల్లకొంగను గుర్తుపట్టడం సులువు. ముక్కు నలుపు, కాళ్ళు నలుపు, వేళ్ళు మాత్రం పసుపు. ఒడ్డున కాలితో బురద కెలుకుతూ, బెదిరిన చేపపిల్ల వెంట పరిగెత్తుతుంది. నిలకడగా ఉండే పిట్ట కాదు. గేదెల కొంగకి ముక్కు పొట్టి, పసుపు. గడ్డం కింద బొద్దుగా ఉంటుంది. వేసవిలో తలా మెడా నారింజ రంగుకి తిరుగుతాయి. మిగిలిన రెండు, అంటే పెద్దదీ మావయ్య చెప్పే నడిమిదీ, సంక్రాంతి రోజుల్లో రెండూ తెలుపే, రెండింటి ముక్కూ పసుపే, రెండింటి కాళ్ళూ నలుపే. గూళ్ళు పెట్టే కాలం వస్తే రెండింటి ముక్కూ నల్లబడిపోతుంది. మావయ్య పుస్తకం అట్ట లోపల తగిలించుకున్న కాగితంలో మొదటి వాక్యం ‘ముక్కు రంగు నమ్మవద్దు’ అని ఉండేది. నాకు రంగుపెన్సిళ్ళు ఉన్న రోజులవి. రంగు నమ్మవద్దంటే ఇంక చూసేదేమిటో అర్థమయ్యేది కాదు.

చూసేది మెడట. పెద్దకొంగ మెడ ఒంటికంటే పొడుగనిపిస్తుంది, మధ్యలో ఎక్కడో విరిగి అతికినట్టు ఒక మడత ఉంటుంది. తల బల్లపరుపుగా సాగి ముక్కులోకి కలిసిపోతుంది. గంటసేపైనా కదలకుండా లోతులో నిలబడగలదు. నడిమిదాని మెడ మెత్తగా వంగుతుంది, తల గుండ్రంగా, ముక్కు కురచగా ఉంటుంది, లోతుకి పోకుండా తుంగలోనూ నీరు తీసిన మళ్ళలోనూ నెమ్మదిగా నడుస్తూ మేస్తుంది. మావయ్య ఇలా చెబుతుంటే పెద్దాయన, "మనుషుల్లో పొడుగు మెడవాళ్ళు లేరా? అయినంతమాత్రాన వేరే జాతా?" అనేవాడు.

ఇదంతా తేల్చగలిగిన గుర్తు ఒకటే ఉంది, అది కూడా చాలా దగ్గరనుంచి చూస్తేగానీ కనబడదు. ముక్కు మొదట్లో రెండు దవడలు కలిసే చోట సన్నటి నల్లగీత ఒకటి చెంప మీదికి సాగుతుంది. పెద్దకొంగకి ఆ గీత కన్ను దాటి వెనక్కి పోతుంది. నడిమిదానికి కన్ను కిందనే ఆగిపోతుంది. మావయ్య దుర్భిణిలో ఆ గీత ఎప్పుడూ కనబడలేదు. మిలిటరీ నుంచి రిటైరైన ఎవరిదో అడిగి తెచ్చుకున్న సరుకది, ఒక అద్దంలో బూజు.

ఒక సంక్రాంతి సెలవుల్లో వలతాడుకి కాలు చుట్టుకుని ఒక తెల్లకొంగ చిక్కింది. పెద్దాయన దోనె పక్కకి తెచ్చి, ముందు దాని కాలు కాదు, ముక్కు పట్టుకున్నాడు. "కొంగను పడితే ముందు ముక్కే పట్టాలి పాపగారూ. లేకపోతే కన్ను పొడుస్తుంది" అన్నాడు. తరవాత రెక్కలు ఒంటికి అదిమి, ఒళ్ళో పెట్టుకుని, తాడు విప్పాడు. అంత దగ్గరగా కొంగను చూడటం నాకదే మొదలు. దూరానికి మల్లెపూవంత తెల్లగా కనబడే పిట్ట దగ్గరికొస్తే చేపల నీచు కంపు. కన్ను లేతపసుపు, మధ్యలో గుండుసూది తలంత నలుపు. ముక్కు పసుపు, చివర్న మాత్రం పొగచూరినట్టు నలుపు. వేళ్ళు పొడుగ్గా, నల్లగా ఉన్నాయి. చిన్నకొంగ కాదని అక్కడే తేలిపోయింది. నడిమి వేలి గోరుకి ఒక పక్క దువ్వెన పళ్ళలా సన్నటి రంపం ఉంది. ఈకలు దువ్వుకోవడానికి అన్నాడు మావయ్య. పెద్దాయన అరచెయ్యి చూపించాడు. తెల్లటి పొడి అంటుకుని ఉంది. కొంగల రొమ్ము దగ్గర కొన్ని ఈకలు ఎప్పటికప్పుడు పొడిగా రాలుతుంటాయి, చేప జిగురు పట్టిన ఈకల్ని అవి ఆ పొడితోనే శుభ్రం చేసుకుంటాయి. మావయ్య ఇదంతా చెబుతున్నాడు గానీ చూపు మాత్రం దాని చెంప మీదే ఉంది.

గీత కన్ను కింద ఆగిపోయింది. వెంట్రుకవాసి కూడా దాటలేదు.

"చూశావా పెద్దయ్యా! ఇది నడిమిది."

పెద్దాయన తల వంచి శ్రద్ధగా చూశాడు. చూసి, "అయితే పెద్దదాన్ని కూడా పట్టుకురండి. రెండు గీతలూ పక్కపక్కన చూస్తే గదా తెలిసేది" అన్నాడు. న్యాయమైన మాటే. పిల్లే అయ్యుంటుందన్నది కూడా ఆయన వదల్లేదు. కొంగపిల్ల గూడు వదిలి ఎగిరేనాటికే దాదాపు తల్లి ఎత్తు వచ్చేస్తుందని మావయ్య చెప్పి చూశాడు. "గూడెక్కి చూశారా?" అన్నాడాయన. మావయ్యకి చెట్టెక్కడం రాదు. కొంగను వదిలేస్తే పది గజాల అవతల దిగి, మావైపు తిరక్కుండా ఈకలు సర్దుకుంది.

ఇంటికి వస్తూ మావయ్య విసుగ్గా ఒక మాటన్నాడు: "నీటికాకుల్లో నడిమిదాన్ని నిద్రలో కూడా గుర్తుపడతాడు. అది చేప ఎత్తుకుపోతుంది కాబట్టి. ఈ కొంగ ఆయన సొమ్మేం తినలేదే, అదీ దాని పాపం." అప్పుడు అది కోపంలో అన్నమాట అనుకున్నాను. తరవాత చాలామంది దగ్గర చాలా విషయాల్లో అది నిజమవడం చూశాను. మావయ్యతో సహా.

ఎందుకంటే బాతుల దగ్గర మావయ్య పప్పులుడకలేదు. చలికాలం బాతులు దసరా వేళకి వచ్చేవి. హిమాలయాల అవతల నుంచి వచ్చే సూదితోక బాతులు, గార్గనీలు, చిన్న టీల్ బాతులు, చెంచామూతి బాతులు. పుస్తకం బొమ్మల్లో మగబాతులు పెళ్ళికొడుకుల్లా ఉంటాయి. సూదితోక మగదానికి చాక్లెట్ రంగు తల, మెడ మీదికి ఎగబాకిన తెల్లచార. గార్గనీ మగదానికి కంటి మీద తెల్లటి పెద్ద కనుబొమ. కానీ దసరాకి దిగే మగబాతులు ఆ ముస్తాబులో ఉండవు. ఎండాకాలంలో ఈకలు రాల్చి, ఆడబాతుల్లాంటి మట్టిరంగు వేసుకుని వస్తాయి. చలి ముదిరేకొద్దీ రంగు తేలుతుంది. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర నాటికి చంటిపిల్ల కూడా గుర్తుపట్టేంత అందంగా తయారవుతాయి. ఆ రోజులకే తిరుగు ప్రయాణం కడతాయి. దసరా సెలవుల్లో మావయ్య నోటుపుస్తకం నిండా ‘మట్టిరంగు బాతు, పేరు తెలియదు’ అనే ఉండేది.

ఈ చిక్కు విప్పినవాడు పిట్టలు అమ్ముకునే మనిషి. రాత్రిపూట వలలు పన్ని బాతుల్నీ బొల్లికోళ్ళనీ పట్టి, తెల్లారి బుట్టలో పెట్టుకుని పెరటి గుమ్మాలకి తెచ్చేవాడు. 1972లోనే వన్యప్రాణి చట్టం వచ్చింది, అయినా మా వైపు అడిగేవాడు లేడు. అమ్మమ్మ కొననిచ్చేది కాదు. తాతయ్య అమ్మమ్మ పూజలో ఉన్నప్పుడు కొనేవాడు. మావయ్యకి ఆ బుట్ట చూస్తే కడుపులో తిప్పేది, కానీ చూడకుండా ఉండలేకపోయేవాడు. ఒక రోజు మూడు మట్టిరంగు ఆడబాతుల్ని వరసగా పెట్టి ఇవేమిటని అడిగాడు. అతను రంగు వైపే చూడలేదు. బొటనవేలితో ఒకదాని రెక్క విప్పాడు. మధ్యలో మెరిసే ఆకుపచ్చ పట్టీ. "ఇది అన్నిట్లోకీ చిన్నది." రెండోదాని రెక్కలో ఆ మెరుపు లేదు, కానీ మొహం మీద కంటి గుండా ఒకటి, చెంప మీద ఒకటి, రెండు నల్లచారలున్నాయి. "ఇది దానికంటే కొంచెం బరువు." మూడోది మెడ పట్టుకుని ఎత్తి, పొడుగు చూపించి, బూడిదరంగు ముక్కు మీద వేలు రాసి, "ఇదయితే ఎక్కువ రేటండి" అన్నాడు. టీల్, గార్గనీ, సూదితోక. మావయ్య పుస్తకం తిప్పి చూసుకున్నాడు. మూడూ సరిపోయాయి.

ఆ మనిషి చేసే పని మంచిదని నేననను. కానీ ముక్కు ఆకారం, మెడ పొడుగు, రెక్కలో పట్టీ, ఈ మూడూ కాలంతో మారనివి, వాటినే చూడాలన్నది ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఇప్పటికీ ఏ చెరువు గట్టున దుర్భిణి పట్టుకున్నా నా కన్ను ముందు ముక్కు మీదికే పోతుంది. రంగు చివర్న.

బొల్లికోడికీ జంబుకోడికీ తేడా చెప్పడానికి ఇంత కథ అక్కర్లేదు. బొల్లికోడికి నుదురు తెల్లబిళ్ళ, జంబుకోడికి ఎర్రబిళ్ళ, పక్కన తెల్లచార. మొదటిది నడినీళ్ళలో గుంపుగా తేలుతుంది, లేవాలంటే నీటి మీద పరిగెత్తుతుంది. రెండోది కిక్కిస అంచు వదలదు, అడుగడుక్కీ తోక ఎగరేస్తుంది. గుడ్డికొంగ సంగతీ అంతే. గట్టు మీద మట్టిలో మట్టిలా కూర్చుంటుంది, లేచిందంటే రెక్కలు తెల్లగా విచ్చుకుంటాయి. తామరాకుల మీద నడిచే పొడుగు వేళ్ళ పిట్ట మాత్రం నన్ను చాలాకాలం ఏమార్చింది. వానాకాలంలో నెమలికున్నట్టు వంపు తిరిగిన పొడుగు తోక, మెడ వెనక బంగారు రంగు. సంక్రాంతికి తోకా ఉండదు, బంగారమూ ఉండదు, రొమ్ము మీద ఒక నల్లటి దండ మాత్రం ఉంటుంది. రెండూ ఒకటే పిట్ట అని పెద్దాయన చెబితే నమ్మలేదు, మావయ్య పుస్తకంలో చూపించాక నమ్మాను. పెద్దాయన దీన్ని బాగా ఆనందించాడు. "మా మాటకి కూడా పుస్తకం సాక్ష్యం కావాలన్నమాట" అన్నాడు.

ఆ తరవాతి ఏళ్ళలో చేపల చెరువులు పెరిగాయి. మొదట సహకార సంఘాల పేరుతో కొన్ని, ఆ పైన ఎవరికి చేతనైనంత వాళ్ళు గట్లు పోసుకున్నారు. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం అని ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని గట్లు కొట్టేశారు. మా బంధువుల్లో గట్లు పోయినవాళ్ళూ ఉన్నారు, పోయినందుకు సంతోషించినవాళ్ళూ ఉన్నారు, ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేసేటప్పుడు ఆ మాట ఎత్తరు. ఆటపాకలో ఇప్పుడు ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్ళు పెడతాయి, పడవెక్కి చూడొచ్చు, ఏలూరు నుంచీ విజయవాడ నుంచీ పెద్ద పెద్ద లెన్సులతో వస్తారు.

ఈ మధ్య వెళ్ళినప్పుడు దారిలో ఒక చేపల చెరువు దగ్గర ఆగాను. కాపలా కుర్రాడు గట్టు మీద టపాకాయలు పెట్టుకుని కూర్చున్నాడు. నీటికాకుల కోసమే. ఎన్ని రకాలు వస్తాయి బాబూ అని అడిగితే క్షణం తడుముకోలేదు. "మూడు రకాలండి. చిన్నది పిల్ల చేపకి, నడిమిది గుంపుగా దిగుద్ది, పెద్దదొస్తే అరకిలో చేపకి కూడా ఆగదు" అన్నాడు. గట్టు అవతల మళ్ళో తెల్లగా ఒకటి నడుస్తోంది. తల గుండ్రం, ముక్కు కురచ. దుర్భిణి మంచిది కాబట్టి చెంప మీద గీత కూడా కనబడింది, కన్ను కింద ఆగింది. అదేమిటని అడిగాను.

"అదాండీ? కొంగ" అన్నాడు, నీళ్ళ వైపు నుంచి తల తిప్పకుండానే.